శిఖ దాల్చిన ముళ్లమొక్కలు: పంచకుల ఉద్యానవన సందర్శనం

మన తెలుగునాట ముళ్లమొక్కకు గౌరవస్థానం ఏనాడూ లేదు. నాగజెముడు చేను గట్టున కంచెగా నిలిచినది. బ్రహ్మజెముడు ఊరి వెలుపల బీడుభూమిలో పెరిగినది. ఇంటి ముంగిట తులసి, మందారం, నందివర్ధనం ఉండవలసినదే గాని ముల్లు ఉండరాదని పెద్దలు నేటికీ చెబుతూనే ఉంటారు. అటువంటి ముళ్లమొక్కల కొరకే ఏడెకరాల స్థలంలో ఒక ఉద్యానవనం వెలసినదనీ, దానిని చూచుటకు దూరదేశాల నుండి కూడా జనం వస్తారనీ చెబితే నమ్మశక్యం కాదు. ఆ మొక్కలలోనూ రూపం తప్పినవాటికి, పుట్టుకలోనే తేడా వచ్చినవాటికి, అక్కడ ప్రత్యేకమైన ఆదరణ ఉన్నదంటే మరింత ఆశ్చర్యం కలుగుతుంది. హర్యానా రాష్ట్రంలోని పంచకుల నగరంలో ఆ వింతను కన్నులారా చూచే అవకాశం ఎల్.టి.సి. ప్రయాణంలో మా కుటుంబానికి లభించినది.

ముందుగా ఒక చిన్న వివరణ అవసరం. మనం జెముడు అని ఒకే పేరుతో పిలిచే మొక్కలన్నీ ఒకే కుటుంబానికి చెందినవి కావు. బ్రహ్మజెముడు, ఆకుజెముడు విరిస్తే పాలు కారుతాయి. అవి యుఫోర్బియా జాతివి. నాగజెముడు మాత్రం అసలైన కాక్టస్. కాక్టస్ కుటుంబానికి పుట్టినిల్లు అమెరికా ఖండాలు. రిప్సాలిస్ అనే ఒక్క జాతి మాత్రమే మనుషుల ప్రమేయం లేకుండా ఆఫ్రికాకు, మన పొరుగున ఉన్న శ్రీలంకకు చేరినది. తక్కినవన్నీ ఓడలలో వచ్చినవే. నాగజెముడును ఈ దేశానికి తెచ్చినవారు ఐరోపావారు. దానిపై బతికే ఒక పురుగు నుండి ఎర్రని రంగు తీయవచ్చునని ఈస్టిండియా కంపెనీ ఆశపడినది. 1795లో వచ్చిన పురుగు మేలైన రంగునిచ్చే జాతిది కాదు. రంగు వ్యాపారం ఫలించలేదు సరికదా, ఆ పురుగు నాగజెముడు పొదలనే తినివేసినది. ఆ పొదలలో ముఖ్యమైన జాతి ఒపన్షియా మోనకాంత. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి. ముందు మరల ప్రస్తావనకు వస్తుంది.

పంచకుల పరిచయం

చండీగఢ్‌ను ఆనుకొని, శివాలిక్ కొండల పాదాల చెంత ఉన్న ప్రణాళికాబద్ధమైన నగరం పంచకుల. మన సోదర సంస్థయైన భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం ఒకటి ఇక్కడ ఉన్నందున ప్రభుత్వరంగ ఉద్యోగులకు ఈ పేరు కొత్త కాదు. ఢిల్లీ నుండి కాల్కా శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌లో సుమారు మూడున్నర గంటల ప్రయాణం. చండీగఢ్ రైల్వే స్టేషను పంచకుల వైపుననే ఉన్నది గనుక అక్కడ దిగి ఆటోలో వెళ్లవచ్చును.

ఐదవ సెక్టారులోని జాతీయ కాక్టస్, సక్యులెంట్ ఉద్యానవనం 1987లో ఏర్పడినది. దీని నిర్మాణానికి మూలపురుషుడు డాక్టర్ జె.ఎస్. సర్కారియా. కాక్టస్ పెంపకంలో ఆయనకున్న నైపుణ్యమే ఈ తోటకు పునాది. నేడు తోట ఆయన పేరుతోనే పిలువబడుతున్నది. రెండువేల ఐదువందలకు పైగా జాతుల మొక్కలు ఇక్కడ ఉన్నాయని ప్రసిద్ధి. అమెరికా మొక్కలే కాక, మన దేశపు సక్యులెంట్లకు, ముఖ్యంగా అరుదైపోతున్న కరల్లుమా జాతికి కూడా ఇక్కడ చోటు దొరికినది. ఏటా వసంతకాలంలో ప్రదర్శన కూడా జరుగుతుంది.

ఎడారి మొక్కలకు ఈ ప్రాంతపు వాతావరణం అంత అనుకూలమైనది కాదు. వర్షాకాలంలో నీరు నిలిస్తే వేర్లు కుళ్లుతాయి. పుష్య మాఘ మాసాలలో రాత్రి ఉష్ణోగ్రతలు ఐదు డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. అందువలన ఆరుబయటి మొక్కలను రాళ్లు, ఇసుక కలిపిన ఎత్తైన దిబ్బలపై నాటినారు. సుకుమారమైన వాటిని గాజుఇండ్లలో ఉంచి కాపాడుతున్నారు. మేము చూడవచ్చిన వింతలు ఎక్కువగా ఉన్నది ఈ గాజుఇండ్లలోనే.

బిందువు రేఖగా మారినప్పుడు

బయట గుండ్రని పీపాలవలె కూర్చున్న ఎకైనోకాక్టస్‌లను, స్తంభాలవలె నిలిచిన సీరియస్‌లను చూచి గాజుఇంటిలోనికి అడుగుపెట్టగానే రూపాలు మారిపోయినవి. ఒక కుండీలో గోధుమరంగు ముళ్లతో మెలికలు తిరిగిన ముద్ద ఒకటి, అచ్చంగా మనిషి మెదడువలె ఉన్నది. మరొక కుండీలో నీలిపచ్చని విసనకర్ర. ఇంకొక చోట పడగలు విప్పిన పాములు ఒకదానినొకటి అల్లుకున్నట్లున్న కాండం. మా అమ్మాయి చాలాసేపు నిలబడి చూచి, "నాన్నగారూ, ఇది అందమా, జబ్బా?" అని అడిగినది. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుటకే ఈ వ్యాసంలో సగభాగం సరిపోతుంది.

సాధారణంగా కాక్టస్ కాండం కొనలో సూదిమొన వంటి ఒక పెరుగుదల బిందువు ఉంటుంది. కొత్త కణాలన్నీ అక్కడనే పుడతాయి. ఆ బిందువు చుట్టూ సమానంగా పెరుగుట వలననే కాండం గుండ్రంగా గాని స్తంభంగా గాని రూపొందుతుంది. ఏదో కారణం చేత ఆ బిందువు సాగి ఒక రేఖగా మారినదనుకొందాం. అప్పుడు కణాలు ఒక చోట కాక ఆ రేఖ పొడవునా పుడతాయి. కాండం బల్లపరుపుగా, విసనకర్రవలె విచ్చుకుంటుంది. అంచు పెరిగినంత వేగంగా అడుగుభాగం పెరగదు గనుక, కొంగును దోపినప్పుడు పట్టుచీర కుచ్చిళ్లు పడినట్లు, ఆ అంచు మడతలు పడుతుంది. ఆ మడతలే మెదడు ఆకారాన్ని, కోడిజుట్టు ఆకారాన్ని కల్పిస్తాయి. దీనిని శాస్త్రజ్ఞులు క్రిస్టేషన్ అంటారు. తెలుగులో శిఖ అందాము, లేదా తురాయి అందాము.

ఇది కాక్టస్‌కు మాత్రమే పరిమితమైన వింత కాదు. మన పెరళ్లలో పూచే కోడిజుట్టు పువ్వు ఈ కోవకు చెందినదే. దానిలో ఆ లక్షణం విత్తనం ద్వారా తరతరానికీ సంక్రమిస్తుంది. కాక్టస్ విషయంలో ఆ భాగ్యం చాలా అరుదు.

కారణమేమిటని అడిగితే ఒకటి కాదు, అనేకం. పెరుగుదల కొనకు దెబ్బ తగులుట, మంచు సోకుట, పురుగు కొరుకుట, సూక్ష్మజీవులు చేరుట, జన్యువులలో మార్పు కలుగుట వీటిలో ఏదైనా కావచ్చును. ఫలానా మొక్కకు ఫలానా కారణమని తేల్చి చెప్పుట తరచుగా సాధ్యం కాదు. అయితే చాలా శిఖలు ఆరోగ్యంగా పెరుగుతాయి, కొన్ని పూస్తాయి కూడా. కనుక మా అమ్మాయితో నేను చెప్పినది ఇంతే: "అమ్మా, ఇది జబ్బుతో మొదలైనా కావచ్చును. కాని ఇప్పుడు అది దాని జీవనవిధానం."

మెదడు ఆకారపు మొక్క పేరు మామిలేరియా ఎలాంగేటా. మెక్సికో దేశపు మొక్క. మామూలు రూపంలో వేళ్లవంటి సన్నని కాండాలతో గుంపుగా పెరుగుతుంది. పక్కపక్కన ఉంచి చూపకపోతే ఆ రెండూ ఒకే మొక్క అని ఎవరూ నమ్మరు.

విరూపులు

శిఖలకు పక్కన మరొక తెగ ఉన్నది. వీటిలో పెరుగుదల బిందువు రేఖగా సాగదు, క్రమశిక్షణ తప్పుతుంది. ఒక కొన పెరుగుతుండగా తక్కినవి ఆగవలెనన్న నియమం సడలి, ఎక్కడపడితే అక్కడ బుడిపెలు లేస్తాయి. వీటిని మాన్‌స్ట్రోస్ రూపాలంటారు. మనం విరూపులు అనుకొనవచ్చును. సీరియస్ జాతిలోని విరూపం కరిగి గడ్డకట్టిన మైనపు కొవ్వొత్తివలె, శిథిలమైన రాతి గోపురంవలె కనిపిస్తుంది.

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో పుట్టిన టోటెమ్ స్తంభం అనే కాక్టస్ మరొక విరూపం. దానికి ముళ్లు దాదాపు లేవు. చెక్కిన చందనపు బొమ్మవలె నున్నగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. అది అడవిలో విత్తనం మీద ఆధారపడక, విరిగిపడిన కాండం నేలలో వేరూని వ్యాపిస్తుంది.

ఇక ఇంతకుముందు గుర్తుంచుకొనమన్న ఒపన్షియా మోనకాంత. ఒకనాడు మన దక్షిణదేశంలో పొదలుగా అల్లుకొని పురుగుల పాలైన ఆ నాగజెముడుకు కూడా ఒక విరూపం ఉన్నది. ముదురాకుపచ్చ మీద తెలుపు, లేతగులాబీ చారలు చల్లినట్లుండి, చిన్న చిన్న రెక్కలతో వంకరటింకరగా పెరుగుతుంది. కంచెకు పనికివచ్చిన మొక్కను మనం కొట్టివేసినాము. ఎందుకూ పనికిరాని దాని విరూపాన్ని ప్రపంచమంతటా కుండీలలో ముద్దుగా పెంచుతున్నారు.

ఎర్రని బంతి కథ

మా శ్రీమతిని అన్నిటికన్నా ఆకర్షించినవి ఆకుపచ్చని కాడల మీద నిలిపిన ఎర్రని, పసుపుపచ్చని బంతులు. వీటిని నర్సరీలలో చంద్ర కాక్టస్ పేరుతో అమ్ముతారు. వీటి చరిత్ర ఆసక్తికరమైనది. దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశపు జిమ్నోకాలిసియం మిహానోవిచీ అనే కాక్టస్ విత్తనాలను జపాను దేశీయుడు వతనబె మొలకెత్తించగా, 1941లో ఆకుపచ్చని మొలకల మధ్య ఎర్రని మొలకలు కనిపించినవి. ఆ ఎరుపుకు కారణం కొత్త రంగు చేరుట కాదు, పత్రహరితం లోపించుట. ఆకుపచ్చదనం తొలగినందున అడుగున ఉన్న ఎరుపు బయటపడినది. మన బీట్‌రూట్ దుంపకు రంగునిచ్చే కుటుంబానికి చెందిన వర్ణకాలే ఇక్కడనూ ఉన్నాయి.

పత్రహరితం లేని మొక్క తన ఆహారాన్ని తాను తయారుచేసుకొనలేదు. విత్తనంలోని నిల్వ తరిగిన కొద్దిరోజులకే మరణిస్తుంది. దానిని బతికించుటకు ఒకటే ఉపాయం: ఆకుపచ్చని మరొక కాక్టస్ కాండం మీద అంటుకట్టుట. ఆ విధంగా బతికినవే హిబోతన్ అనబడే ఈ బంతులు. జపాను భాషలో ఆ పేరుకు ఎర్రని పియోనీ పువ్వు అని అర్థం. అటుపిమ్మట పసుపు, నారింజ, గులాబీ రంగులు కూడా వచ్చినవి. కొరియా దేశంలో వీటి పెంపకం పెద్ద ఎగుమతి వ్యాపారంగా ఎదిగినది.

అడుగున మోసే ఆ మూడంచుల కాండం ఎవరిదో తెలిస్తే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చును. అది హైలోసీరియస్. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ రైతులు ఇప్పుడు సాగుచేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ తీగయే అది. అంటుకట్టే విధానం చూచుటకు సులభమే. పదునైన శుభ్రమైన బ్లేడుతో రెండు కాండాలనూ అడ్డంగా కోస్తారు. కోసిన చోట మధ్యలో కనిపించే చిన్న వలయంలో నీటిని, ఆహారాన్ని తీసుకుపోయే నాళాలుంటాయి. పై ముక్క వలయం, కింది ముక్క వలయం ఎక్కడైనా ఒకదానినొకటి తాకవలెను. తడి ఆరకముందే అమర్చి, రబ్బరుబ్యాండుతో ఒకటి రెండు వారాలు బిగించి నీడన ఉంచుతారు. వలయాలు కలిస్తే ప్రాణం నిలుస్తుంది. తప్పితే పై ముక్క ఎండిపోతుంది.

ఆ కలయిక శాశ్వతమూ కాదు. హైలోసీరియస్ చలికి తట్టుకొనలేదు. కొన్ని సంవత్సరాలకు కాండం శక్తి ఉడుగుతుంది. ఆలోపుననే ఎర్రని బంతికి పుట్టిన పిలకను తీసి కొత్త కాండం మీద అంటుకట్టవలెను. లేనిచో ఆ వరుస అంతటితో ఆగిపోతుంది.

చేతి నుండి చేతికి

అక్కడ పనిచేసే ఒక వృద్ధ తోటమాలి చిన్న కత్తితో ఒక శిఖను పరీక్షిస్తూ కనిపించినాడు. మడతల మధ్య నుండి మామూలు కాండం ఒకటి వేలెడంత లేచి ఉన్నది. దానిని మొదలంటా తీసివేసి మాతో అన్నాడు: "బాబూజీ, పాతరూపం మీద దీనికి మమకారం పోదు. ఒక్క ఏడాది వదిలిపెడితే మామూలు కొమ్మలే పెరిగి తురాయిని మింగివేస్తాయి."

ఆ మాటలో ఉన్న శాస్త్రం నిజమైనది. మామూలు కాండం శిఖకన్నా వేగంగా పెరుగుతుంది. దానిని తొలగించే చేయి లేకపోతే శిఖ ఓడిపోతుంది. విత్తనం వేస్తే పుట్టేవి దాదాపు అన్నీ మామూలు మొక్కలే. కనుక శిఖ గాని, విరూపం గాని, ఎర్రని బంతి గాని నిలిచేది ముక్క కోసి నాటుట వలన, అంటుకట్టుట వలన మాత్రమే. ఏ ఊరిలోనో ఏ ఒక్క మొక్కలోనో తటస్థపడిన మార్పు, దానిని చూచిన మనిషి పారవేయక దాచి, ఒక ముక్కను స్నేహితునికి ఇచ్చుట వలన, అతడు మరొకరికి ఇచ్చుట వలన మన కంటి ముందుకు వచ్చినది. తక్కిన మొక్కలకు వంశవృక్షం విత్తనాలతో ఏర్పడుతుంది. వీటికి మనుషుల చేతులతో ఏర్పడుతుంది. మధ్యలో ఒక్క చేయి వెనుకకు తీసుకున్నా ఆ వరుస తెగిపోతుంది.

ఈ విషయం మనవంటి ఉద్యోగులకు మరింత బాగా తెలియవలెను. మన టౌన్‌షిప్‌లో పదవీ విరమణ చేసినవారు క్వార్టరు ఖాళీ చేసే నాడు బీరువాలు, మంచాలు లారీ ఎక్కుతాయి. కుండీలు మాత్రం బాల్కనీలోనే మిగిలిపోతాయి. తరువాత వచ్చేవారికి వాటి విలువ తెలియదు. మా ఇంట ఉన్న మెదడు ఆకారపు మొక్క ఆ విధంగా పోవలసినదే. మా విభాగంలోని ఒక పెద్దాయన పదవీ విరమణకు నెల ముందు నన్ను పిలిచి, "తమ్ముడూ, ఇది నాకు బదిలీపై వెళ్లిన ఒక మిత్రుడు ఇచ్చినది. నీళ్లు తక్కువ పోయి, ఎవరికైనా ఒక ముక్క ఇవ్వడం మాత్రం మరువకు" అని అప్పగించినారు. ఆయన ఇప్పుడు లేరు. మొక్క మూడవ చేతిలో ఉన్నది. నాకూ ఇంక రెండేండ్ల సర్వీసు మాత్రమే ఉన్నది.

అడవిలోని శిఖలు, చట్టాలు

అడవిలో తనంతట తాను పుట్టే శిఖలు మరీ అరుదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో సగువారో అనే మహాకాయ కాక్టస్ పెరుగుతుంది. పదివేలకో అంతకన్నా ఎక్కువకో ఒకటి చొప్పున శిఖ దాలుస్తుందని అంచనా. ట్యూసాన్ నగరం వద్ద వాటి రక్షణకై 1933లో ఏర్పడిన అభయప్రదేశం 1994లో జాతీయ ఉద్యానవనమైనది. ఫీనిక్స్ ప్రాంతంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల వద్దకు వెళ్లే తల్లిదండ్రులు దీనిని తప్పక చూడవచ్చును. దొంగలు సగువారోలను పెకలించి అమ్ముకొనుట వలన అక్కడి అధికారులు కొన్ని మొక్కలలో గుర్తింపు చిప్‌లు అమర్చవలసివచ్చినది.

ఇదే కారణం చేత 1975 నుండి అమలులో ఉన్న సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం దాదాపు మొత్తం కాక్టస్ కుటుంబాన్ని తన రక్షణలోనికి తీసుకున్నది. భారతదేశం 1976 నుండి అందులో సభ్యదేశం. ఆ ఒప్పందంలో ఒక మినహాయింపు గమనింపదగినది. పత్రహరితం లేని జిమ్నోకాలిసియం బంతులను హైలోసీరియస్ వంటి కాండాలపై అంటుకట్టినప్పుడు వాటికి ఆ నియంత్రణ వర్తించదు. అదేవిధంగా మన ఆకుజెముడు కాండంపై అంటుకట్టిన యుఫోర్బియా లాక్టియా శిఖలకు కూడా. అడవి నుండి దోచినది వేరు, మనిషి చేతిలో పెరిగినది వేరు అని చట్టమే ఒప్పుకున్నదన్నమాట.

పెంచదలచిన వారికి

ఈ మొక్కలకు పెద్ద స్థలం అక్కరలేదు. క్వార్టరు బాల్కనీలో ఉదయపుటెండ తగిలే మూల చాలును. అడుగున రంధ్రమున్న మట్టికుండీ, సగానికి సగం ముతక ఇసుక గాని చిన్న కంకర గాని కలిపిన మట్టి, మట్టి పూర్తిగా ఆరిన తరువాతనే నీరు. వర్షాకాలంలో చూరు కిందకు జరుపవలెను. శిఖ మడతలలో నీరు నిలిస్తే కుళ్లు పట్టుతుంది. మామూలు కొమ్మ లేచిన వెంటనే మొదలంటా తీయవలెను. ముక్కను నాటవలెనంటే, కోసిన భాగం వారం రోజులు నీడన ఆరి పొర కట్టిన తరువాతనే ఇసుకలో నిలుపవలెను.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని దుకాణాలలో ఆకుపచ్చని కాక్టస్‌కు రంగు పూసి గాని, ఎండుపూలను జిగురుతో అతికించి గాని వింతమొక్కలుగా అమ్ముతారు. పువ్వును వేలితో మెల్లగా తాకి చూస్తే జిగురు తెలుస్తుంది. నిజమైన వింతకు అలంకారం అవసరం లేదు.

పంచకుల వెళ్లదలచినవారు ఫిబ్రవరి, మార్చి నెలలను ఎంచుకొనుట మంచిది. చలి తగ్గి పూతకాలం మొదలవుతుంది. అదే ప్రయాణంలో విరిగిన గాజులు, పింగాణీ పెంకులతో నేక్‌చంద్ సృష్టించిన చండీగఢ్ రాక్‌గార్డెన్‌ను, మొగలాయి శైలిలోని పింజోర్ ఉద్యానవనాన్ని కూడా చూడవచ్చును. పారవేసిన పెంకులకు ఒకరు, రూపం తప్పిన మొక్కలకు మరొకరు విలువ కట్టిన చోట్లు ఇంత దగ్గరగా ఉండుట ఆ ప్రాంతపు అదృష్టం.

మా మెదడు మొక్క ఈ వేసవికి రెండు జానల వెడల్పుకు వచ్చినది. మడతలను విడదీస్తే నాలుగు ముక్కలవుతాయి. వానలు వెనుకబట్టిన తరువాత వాటిని నాటదలచినాను. ఒకటి మా అమ్మాయి తనకు కావలెనన్నది. తక్కిన మూడింటికి మన టౌన్‌షిప్‌లో ఇండ్లు కావలెను. కోరినవారు ఒక మట్టికుండీతో రావచ్చును. షరతు ఒక్కటే: బదిలీ అయినా, విరమణ అయినా, క్వార్టరు తాళంచెవి అప్పగించే ముందు ఆ మొక్కను మరొక చేతిలో పెట్టి వెళ్లవలెను.